కరవని నక్క

"మళ్లీ కర్రతోనే తోస్తున్నావేంటి వదినా? అదేమన్నా పామా?"

మేత గది గుమ్మంలోంచి మరదలు అడిగింది. నక్కలమ్మ మాంసం ముక్కల గిన్నెను కర్ర కొసతో బోనులోకి నెట్టి గబుక్కున వెనక్కి జరిగింది. లోపలున్న ఎర్రనక్క గిన్నెకేసి చూడలేదు. ఆమెనే చూస్తోంది.

ఆమె అసలు పేరు ఆ నక్కల పరిశోధన కేంద్రంలో ఎవరికీ గుర్తులేదు. బోనులు కడగడం, మేత పెట్టడం, నక్కకు ఒంట్లో బాగోకపోతే పక్కన కూర్చోవడం ఆమె పని. అందుకే నక్కలమ్మ అయింది. తమ్ముడి పెళ్లాన్ని కూడా తనే మాట్లాడి మేత గదిలో చేర్పించింది.

"మొన్నటిదాకా దాని నోట్లో చెయ్యి పెట్టేదానివి. ఇప్పుడు మొహం చాటేస్తున్నావు. ఇవాళ చివరి పరీక్ష కదా, కాస్త దువ్వి మచ్చిక చెయ్యొచ్చుగా?"

"మనసు పెంచుకుంటే తర్వాత కష్టమే" అంది నక్కలమ్మ.

"అలా ఎందుకంటావు? నెగ్గుతుంది. నెగ్గితే బతికినన్నాళ్లూ నీ కళ్ల ముందే ఉంటుంది."

నక్కలమ్మ కర్రను గోడకు ఆనించింది. అది జారిపడింది. తీసి మళ్లీ ఆనించింది. పొద్దుట్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. కడిగిన బోనునే మళ్లీ కడిగింది. కొన్నాళ్ల కిందట ఆ నక్క జాలీలోంచి నాలుక చాపి ఆమె వేళ్లు నాకింది. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. మర్నాటి నుంచే కర్ర పట్టుకుంది.

పక్క బోను ఖాళీగా ఉంది. అందులోది నిన్న పరీక్ష చేస్తున్న డాక్టరుగారి వేలు కరిచింది. తెల్లారేసరికి మూతబండి వచ్చి తీసుకుపోయింది. బండి మలుపు తిరిగేదాకా నక్కలమ్మ గేటు దగ్గరే నిలబడింది.

డాక్టరుగారు హుషారుగా వచ్చారు. వేలికి కట్టు ఇంకా ఉంది.

"ఏం నక్కలమ్మా, మన రాణి సిద్ధమేనా? ఇంత నెమ్మదైనది నేనింతవరకూ చూడలేదు. కొంపదీసి నక్క వినయం కాదు కదా?"

"నక్కకి నక్క వినయం కాక ఇంకేం ఉంటుందండీ" అంది ఆమె. ఆయన పగలబడి నవ్వారు.

ఆయనకు ఉన్నదల్లా ఒకటే ధ్యాస. వేల ఏళ్ల కిందట అడవి జంతువు ఇంటి జంతువుగా ఎలా మారిందో కళ్లారా చూడాలి. చూడ్డానికి ఎవరొచ్చినా అదే చెప్పేవారు. "ఎవరో చలిమంట దగ్గర కూర్చుని తోడేలుకో ఎముక విసిరుంటారు. కరిచేదాన్ని తరిమేసి, కరవనిదాన్ని చేరదీసుంటారు. దాని పిల్లల్లోనూ మెత్తనివే మిగిలుంటాయి. అలా తరాలు గడిచాక చెవులు వాలిపోయి, తోకూపుకుంటూ కుక్క తయారై ఉంటుంది. ఈ నక్కల్లోనూ అదే చూస్తాను."

ఒకసారి నక్కలమ్మ అడిగింది. "ఆ తోడేలు మంట దగ్గరికి తనంతట తనే వచ్చింది కదండీ. వీటిని మనం బోను పెట్టి పట్టుకొచ్చాం."

"అందుకేగా నువ్వున్నది!" అన్నారాయన.

ఇప్పుడాయన చేతి తొడుగు తీసేశారు. బోను తలుపు జానెడు తెరిచి, ఉత్త చెయ్యి లోపల పెట్టారు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నక్కలమ్మ ఖాళీ ఇనుప పళ్లెం గుండెలకు హత్తుకుని ఆయన వెనకే నిలబడింది.

నక్క మూల నుంచి లేచింది. మెడ చాచి వేళ్లు వాసన చూసింది. చెవులు మెల్లగా వెనక్కి వాల్చింది. తోక ఒక్కసారి, చాలా కొంచెంగా, కదిలింది.

"చూశావా?" అన్నారు డాక్టరుగారు. "తోక! దీంతోనే మొదటి తరం మొదలు!"

నక్కలమ్మ చేతిలోంచి పళ్లెం జారింది.

ఖణేల్మని మోగి, గచ్చుమీద గిరగిరా తిరిగింది. నక్క ఎగిరిపడి, దొరికిన చేతిని దొరికినట్టే కొరికి మూలకు దూకింది. డాక్టరుగారు కెవ్వుమన్నారు.

రక్తం కడిగి కట్టు కట్టేటప్పుడు నక్కలమ్మ తలెత్తలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఏడవకు. తప్పు దానిది కాదు, చప్పుడుది. వారం ఆగి మళ్లీ చూద్దాం" అన్నారాయన.

"వద్దండీ." ఆమె కట్టు ముడి బిగించింది. "రేపు ఏ ఇంట్లోనైనా పళ్లెం పడదా? పడిన ప్రతిసారీ కరిస్తే ఎలా? ఇదొక్కదానికే మినహాయింపు ఇస్తే మీ పరీక్షకి విలువేముంటుంది?"

డాక్టరుగారు నెగ్గలేదని బోనుకు ఎర్ర బిళ్ల తగిలించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

"చేతులారా పోగొట్టుకున్నావు కదే వదినా" అని మరదలు ముక్కు చీదింది. "దానికోసం నువ్వు తిండి తిన్నావా, నిద్రపోయావా!"

మర్నాడు పొద్దున్నే మూతబండి వచ్చింది. ఈసారి నక్కలమ్మ గేటు దగ్గర ఆగలేదు. తనూ ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది.

"ఎప్పటి చోటేనా అక్కా?"

"ఎప్పటి చోటే."

దారంతా వెనక బోనులో గోళ్ల గీకుడు వినిపిస్తూనే ఉంది. ఆమె చేతివేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి. తారురోడ్డు అయిపోయి మట్టిదారి వచ్చింది. అదీ అయిపోయాక బండి ఆగింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు. బోను కిందికి దించి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

"ఇది నీ చేతుల మీదుగానే కానియ్యి" అన్నాడు.

నక్కలమ్మ వంగి, గడియ మీద చెయ్యి వేసి ఎత్తింది.

నక్క అడవిలోకి పరుగుతీసింది.