అమావాస్యనాటి దొంగ

తల్లి కడుపులో ఉండగానే మద్యం సోకినవాళ్లు పెద్దయ్యాక నేరాలు చేస్తారని, వాళ్లు అడుగుపెడితే హెచ్చరిక గంట మోగేలా ప్రతి దుకాణం గుమ్మానికీ యంత్రం పెట్టారు. తాగిందొకరు, గంట మోగేది ఇంకొకరికి. జగిత్యాలలో సులోచన బ్యాటరీల దుకాణంలో మాత్రం ఆ గంట మోగిందంటే పనివాడు కొమురెల్లి వచ్చాడని అర్థం. రెండు పనులు కలిపి చెబితే అతను తికమక పడతాడు. అందుకని ఆమె ఒక్కసారికి ఒక్క పనే చెబుతుంది. తొమ్మిదేళ్లలో ఒక్క బ్యాటరీ కూడా పోలేదు.

ఆ ఉదయం పక్క దుకాణంలో దొంగతనం జరిగిందని ఎస్సై వచ్చాడు. ఇంకెవరినీ అడగకుండా నేరుగా కొమురెల్లి ముందు నిలబడ్డాడు.

"నువ్వే తీసినవా?"

"అవును సార్."

బేడీలు బయటికి వచ్చాయి. సులోచన ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"సార్, ఒక్కటి నన్ను గూడ అడగనియ్యండి. కొమురెల్లీ, రాత్రి అమాస గదా, చందమామ కనవడలే. నువ్వే ఎత్తుకపోయినవా?"

కొమురెల్లి తల వంచుకున్నాడు.

"అవునక్కా, తప్పయింది. మల్ల పెట్టొస్త."

బేడీలు మెల్లగా జేబులోకి వెళ్లిపోయాయి.

"కొమురెల్లీ," అంది సులోచన, "సార్‌కు చాయ్ తీస్కరా."