పిల్లల మీద ఒట్టు

సందు మూల మీద మళ్లీ మాడిన ఎండుమిరపకాయలు. పక్కనే కుంకుమ పూసి కోసిన నిమ్మకాయ, గుప్పెడు ఉప్పు.

గుణవతి చీపురు అక్కడే పడేసింది.

"ఇదిగో, ఇలా రా. మళ్లీ ఏసినారు."

రాజన్ చూశాడు.

"దిష్టి తీసినట్టే ఉంది గానీ," అంది గుణవతి, "మన పిల్లకి మనం గాక దిష్టి తీసేవోళ్లెవులు?"

కూతురు ప్రియ మలేసియాలోని ఇపో ఊరి కాలేజీ నుంచి ప్రాణాలతో సొంతూరు తెలుక్ ఇంటాన్ చేరి నెల కాలేదు. తుపాకీ పేలినప్పుడు ఎవరో కుర్రాడు ఒక గదిలోకి తోసి, బయట తలుపు పట్టుకుని నిలబడబట్టి బతికింది. కాల్చినవాణ్ణి మాత్రం కళ్లారా చూసింది. రేపు కేసు కోర్టుకొస్తే సాక్ష్యం చెప్పాల్సింది తనే.

"ఆడి మనుషులే," అన్నాడు రాజన్. "పిల్ల నోరు కట్టెయ్యడానికి చేతబడి సేత్తన్నారు."

ఆ సాయంత్రం పక్కింటి గంగయ్యనీ, సందులో మగవాళ్లనీ పిలిచి కాపు కాశాడు.

చీకటి పడే వేళకి ఇపో బస్సు దిగి ఒకామె వచ్చింది. ప్రియ గది కిటికీ వైపు గుప్పెట ఎత్తింది.

అనుమానం పెనుభూతం. అందరూ ఆమెను చుట్టుముట్టారు. పేరడిగినవాడు ఒక్కడూ లేడు.

"నా పిల్లకి ఏటి సేత్తన్నావు?"

గుప్పెట్లోంచి ఉప్పు రాలింది.

"పిల్ల నిద్దరోతందా అన్నా? అన్నం తింటందా?"

రాజన్ ఇంకో అడుగు ముందుకేశాడు. "నా పిల్ల సంగతి నీకేటికి? ఎవులంపినారు నిన్ను?"

ఆమె ఏదో చెప్పబోయింది. కిటికీలో ప్రియ నీడ కదిలింది. ఆమె నోరు మూసుకుంది.

"పోలీసుని పిలు రాజన్," అన్నాడు గంగయ్య.

రాజన్ వినలేదు. "నీకు పిల్లలున్నారా?"

ఆమె కింద రాలిన ఉప్పు వైపు చూసింది.

"ఒక్క కొడుకు."

"ఆడి మీద ఒట్టెయ్యి. ఇంక నా పిల్ల కంట పడనని."

"నా కొడుకు మీద ఒట్టు," అంది ఆమె మెల్లగా. "ఇంక కంట పడను."

ఆ వారం ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు.

తర్వాత నెలలో కాలేజీలో సంతాప సభ. ప్రియ పట్టుబట్టి వచ్చింది. పోయిన పిల్లల ఫోటోలు చూస్తూ ఒకచోట ఆగిపోయింది.

"నాన్నా, ఈ అన్నే నన్ను గదిలోకి తోసినాడు."

రాజన్ కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ భయంతో తలుపులు వేసుకున్నాడే గానీ, ఆ కుర్రాడి ఇల్లెక్కడో కనుక్కోలేదు. సిగ్గేసింది.

"ఈళ్లమ్మ ఎక్కడ? కాళ్లకి మొక్కాల."

లెక్చరర్ మాగ్డలీన్ ముందు వరసలో ఖాళీ కుర్చీ చూపించింది.

"ఇందాకటిదాకా ఇక్కడే ఉన్నారు. తన వల్ల ఆ అన్న పోయాడని ప్రియ కుమిలిపోతుందని, తానెవరో మీకు చెప్పొద్దన్నారు. మీరు లోపలికి రాగానే లేచి వెళ్లిపోయారు. ఎందుకమ్మా అంటే, ఒట్టేశానన్నారు."

రాజన్ గుమ్మంలోకి పరిగెత్తాడు.

ప్రియ కంట పడకుండా గొడుగు అడ్డం పెట్టుకుని, చచ్చిపోయిన కొడుకు మీద వేసిన ఒట్టు తప్పకుండా, ఆ నిమ్మకాయలావిడ బస్సెక్కుతోంది.