మూడుసార్లు పిలిచాను

"నాకు చెవులు వినపడవు నాయనా. నా వంతు రాగానే కాస్త భుజం తట్టు," అన్నాడు ముసలాయన.

మాజీ సైనికుల పింఛను అప్పీళ్లు వినే ఆఫీసది. తలుపు దగ్గర స్టూలు మీదున్న బంట్రోతు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఎక్కడ చేశారు?"

"ఫిరంగుల దగ్గర."

"చెవులు అక్కడే పోయాయా?"

"అక్కడే. వీళ్లు ఒప్పుకోవడం లేదు. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పానని, బాగానే వినపడుతోందని రాసేశాడు డాక్టరు. ఇదే నా ఆఖరి అప్పీలు."

బంట్రోతుకి నవ్వొచ్చింది. తనకీ టకటకా జవాబు చెబుతూనే ఉన్నాడు కదా, ఇదేం చెవుడు?

"మా అన్నయ్యా ఫిరంగుల దగ్గరే చేశాడండీ. గోడకవతల గుసగుసలాడినా వినపడుతుంది ఆయనకి."

"అదృష్టవంతుడు," అన్నాడు ముసలాయన. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు.

ముందు బెంచీలోనే ఖాళీ ఉంది. తలుపుకి వీపు పెట్టి కూర్చుని, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ బాపతు మనిషి మన బంట్రోతు. లోపల గంట మోగింది. లేచి నాలుగడుగులు వేస్తే భుజం అందుతుంది. వెయ్యలేదు. ఈ దొంగచెవుడు ఇవాళ వదిలిద్దామనుకున్నాడు.

ముసలాయన అటు తిరిగి ఉండగా, కూర్చున్నచోటి నుంచే పేరు పెట్టి మూడు కేకలు వేశాడు. రూలు అంతే అడుగుతుంది. ఎవరి పేరో అనుకుని మిగతావాళ్లు ఊరుకున్నారు.

"రాలేదా?" లోపలి నుంచి అధికారి అడిగాడు.

"మూడుసార్లు పిలిచాను సార్."

"గైర్హాజరు. కొట్టేశాం. తర్వాత ఎవరు?"

సాయంత్రానికి బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. ముసలాయన లేచొచ్చాడు.

"నన్ను పిలవలేదేం నాయనా?"

"పిలిచాను. మీరే పలకలేదు."

"ఎక్కణ్ణుంచి పిలిచావు?"

"ఇక్కణ్ణుంచే. మీ వెనక నుంచి."

"నేను పెదవులు చూసి వింటాను నాయనా. మా ఆవిడ నేర్పింది."

బంట్రోతు చటుక్కున లేచాడు. లోపలికి పరిగెత్తాడు.

"సంతకం అయిపోయిందయ్యా," అన్నాడు అధికారి, పెన్నుకి మూత పెడుతూ.

బంట్రోతు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. అది అర్థం కావడానికి పెదవులు చూడక్కర్లేదు.

"నీ తప్పేముందిలే. చెవుడు పైకి కనపడదుగా," అంటూ సంచీ తీసుకుని ముసలాయన మెట్లు దిగాడు.

సిగ్గుతో చచ్చిపోతూ బంట్రోతు గేటు దాకా వెంట వెళ్లాడు. అక్కడ అతని కోసం అన్నయ్య బండి ఆపుకుని ఉన్నాడు. రోడ్డు దాటుతున్న ముసలాయన్ని చూసి ఒక్క ఉదుటున బండి దిగాడు.

"మావయ్యా!"

ముసలాయన తిరగలేదు.

"మావయ్యా... మావయ్యా..."

అవతల బస్సు ఆగింది, ముసలాయన ఎక్కాడు, బస్సు కదిలిపోయింది.

"నీకు తెలుసా అన్నయ్యా ఆయన?"

"మా ఫిరంగి దళానికి పెద్దరా, మా అందరికీ మావయ్య," అన్నాడు అన్నయ్య, బస్సు వెళ్లినవైపే చూస్తూ. "చెవుల్లో పెట్టుకునే బిరడాలు తక్కువొచ్చిన రోజున, తనవి తీసి నా చెవుల్లో పెట్టిన మనిషి."