జగ్గయ్య మింగని మాత్ర

"ఆ మాత్ర వద్దండీ, ఇంకేదైనా ఇవ్వండి" అంటూ జగ్గయ్య పళ్ళు బిగించాడు.

నాటువైద్యం చేసే లోవమ్మ చెయ్యి అతని నోటి దగ్గరే ఆగింది. కాలువ గట్టు మీద పాము కరిచిందని పడవ సత్తియ్య అతన్ని భుజానేసుకుని పరుగున తెచ్చి, ఇప్పుడే ఆమె అరుగు మీద దింపాడు. మోకాలి కింద తువ్వాలు బిగించి ఉంది. లోవమ్మ గాటు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి మాత్ర పట్టుకొచ్చింది.

"మీదే కదండీ. జ్వరానికైనా విషానికైనా ఇంతకు మించింది లేదని పొద్దున్నే చెప్పేరు."

జగ్గయ్య కోరంగి రేవులో ఒక మందుల వర్తకుడి మనిషి. ఆ పొద్దున్నే ఆమె ముందు పట్టుచీర పెట్టి, రోగులకు ఇకమీదట తన మాత్రలే ఇవ్వమని బతిమాలి వెళ్ళాడు.

"విషం పైకి పాకుతోందమ్మా. మీ సొంత మందు ఇప్పించండి."

"ఇస్తాను. ముందు ఇందులో ఏముందో చెప్పండి."

జగ్గయ్య తన కాలు చూసుకున్నాడు. "బెల్లం. ఇటికపొడి."

సత్తియ్య ముఖం ఎర్రబడింది. "మొన్న కొత్తపేటలో మా ఆడదాని జొరానికి ఇదే మింగించేరు. తెలిసుంటే నిన్ను గట్టు మీదే వదిలేద్దును."

ఇంకా ఏయే వైద్యులకు ఇచ్చారని లోవమ్మ అడిగింది. జగ్గయ్య రెండు పేర్లు చెప్పి ఊరుకున్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళబోయింది. అంతే, రాజోలు, కొత్తపేట, ద్రాక్షారామం, ఎవరికి ఉత్తరీయం కప్పాడో, ఎవరికి వెండిచెంబు ఇచ్చాడో ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆ మాత్రలు ఎవరికీ ఇవ్వొద్దని అన్ని ఊళ్ళకూ పడవల మీద కబురు పంపమంది లోవమ్మ. సత్తియ్య రేవుకు పరుగెత్తాడు.

"మీ ఇంట్లో వాళ్ళకి జ్వరమొస్తే ఏమిస్తారండీ?" అంది లోవమ్మ.

"మీలాంటి వాళ్ళ దగ్గరికే తీసుకెళ్తానండి" అన్నాడు జగ్గయ్య గొంతు తగ్గించి. తర్వాత ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "అన్నీ చెప్పేశాను తల్లీ. కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. ఇకనైనా మందివ్వండి."

లోవమ్మ వంగి తువ్వాలు ముడి విప్పింది.

"మందెందుకండీ? మిమ్మల్ని కరిచింది విషం లేని ఉత్త నీరుకట్టు పాము."