స్టేషన్ దాకా

"ఇక్కడ వెయ్యి," అంది పెద్దమ్మ.

అమ్మాయి భుజం మీది చెక్క కుర్చీ దించి, బ్రెడ్డు దుకాణం ముందున్న కరెంటు స్తంభం పక్కన వేసింది. పెద్దమ్మ కూర్చుంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా దాన్ని పట్టుకుని, రోడ్డు వంక చూస్తూ ఉండిపోయింది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

"ఇక పోదాం," అని లేచింది. ముందుకు కాదు, ఇంటికి.

నిన్న దర్జీ కొట్టు దాకా వచ్చారు. ఈ రోజు దానికి ఇరవై అడుగులు ఎక్కువ.

బ్రెడ్డు దుకాణం ఆయన పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి చూశాడు. దర్జీ మెడలో టేపుతో లేచి నిలబడ్డాడు. అమ్మాయికి చెవులు వేడెక్కాయి. ముసలావిడ వెనక కుర్చీ మోసుకుపోయే పరాయి దేశపు పిల్ల. చూడక ఏం చేస్తారు.

వచ్చి రెండు వారాలైంది. రోజుకి నాలుగు గంటల పని, బదులుగా గది, భోజనం. 'తోటపని, కొంచెం నడక, ఓపిక ఉండాలి' అన్నది ప్రకటన. చేతిలో ఉన్నది టికెట్లకే సరిపోయే మనిషికి లోకం చూడ్డానికి ఇదొక్కటే దారి. మొదటి రోజు తుప్పు పట్టిన వీధి గేటు బందులకి నూనె పెట్టించింది పెద్దమ్మ. తర్వాత ఇక కుర్చీయే, స్టేషన్ దాకా నడవాలని.

'పెద్దమ్మ' అన్న పిలుపు అమ్మాయే నేర్పింది. ఇద్దరికీ అరకొరగా వచ్చిన మూడో భాషలో "మీ దేశంలో నన్నేమని పిలుస్తారు?" అని ఆవిడ అడిగితే, "కడుపు నిండా పెట్టి, మధ్యమధ్యలో కసిరే ఆవిడని పెద్దమ్మ అంటాం," అంది. ఆవిడ ఆ మాటని రోజంతా నోట్లో నానబెట్టుకుంది.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఈ రోజేం చేశావు?"

"కుర్చీ మోశాను."

"నిన్న?"

"కుర్చీయే."

"దానికి దేశాలు దాటాలా తల్లీ? మన టెంటుహౌసులో ఆరొందలున్నాయి. ఎన్ని కావాలంటే అన్ని మొయ్యి."

"ఇంకో వారమేగా."

"తర్వాత వెళ్తానన్న ఆ ఆపిల్ తోటవాళ్లు ఉత్తరం లేనిదే రానివ్వమన్నారుగా. వచ్చేసెయ్. కౌంటర్లో నీకూ ఒక కుర్చీ వేస్తాం."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ ఆరొందల కుర్చీల మధ్య తన కుర్చీ ఆమె కళ్లకి కట్టింది. కొండ మీది ఆపిల్ తోట యజమాని ముందు పనిచేసిన చోటి నుంచి నాలుగు మంచి మాటలు రాయించుకు రమ్మన్నాడు. ఆమెకి ముందు చోటు, మొదటి చోటు, అన్నీ ఇదే. కుర్చీ మోసిందని రాస్తే ఎవరు రానిస్తారు?

మర్నాడు అడిగేసింది.

"పెద్దమ్మా, తోటలో ఏదైనా పని చెప్పండి. పాదులు తవ్వుతాను. మోకాళ్లు నొప్పయితే టాక్సీ పిలుద్దాం. స్టేషన్ ఎంత, ఐదు నిమిషాలు."

"టాక్సీలో వెళ్తే వెళ్లినట్టు కాదు."

"మరి నా ఉత్తరం?"

"స్టేషన్ దాకా నడిచిన రోజు రాస్తాను. నీకు ముందు ఇద్దరొచ్చారు. వాళ్లకి తొందరెక్కువ. రాయలేదు."

మొండిఘటం, అనుకుంది అమ్మాయి. కానీ ఆ రోజు నుంచి వెనక నడవడం మానేసి పక్కన నడిచింది. తను తొందరపడితే ఆవిడ ఆగిపోతోంది. ఏదైనా చూపించి "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అంటే, పేరు చెప్పడానికి తలెత్తుతోంది. తలెత్తి చూసినంతసేపూ కాళ్లు వాటంతటవే నడుస్తున్నాయి. కిటికీ. గొడుగు. పావురం. ఒక్కో మాటకి నాలుగడుగులు. పావురాలు ఎక్కువున్న రోజు వంతెన దాకా వెళ్లారు.

ఒకచోట పెద్దమ్మ ఠక్కున ఆగింది. "ఇక్కడ చెప్పుల కొట్టు ఉండాలే."

అక్కడ ఫోన్ల దుకాణం ఉంది.

"ఎప్పుడు మారింది?"

"నన్నడుగుతారేంటి, మీ ఊరు," అంది అమ్మాయి.

ఆఖరి రోజు వచ్చింది. రైలు పదింటికి. వీపు మీద సంచీ, భుజం మీద కుర్చీ. దర్జీ కొట్టు, బ్రెడ్డు దుకాణం, వంతెన. వంతెన దిగాక పెద్దమ్మ ఆగింది. ముందంతా జనం. ఇక్కడ వెనక్కి తిరిగితే ఉత్తరం లేదు, ఆపిల్ తోట లేదు.

"పెద్దమ్మా, గడియారాన్ని ఏమంటారు?"

"ఏ గడియారం?"

"అదిగో, స్టేషన్ మీద."

ఆవిడ తలెత్తింది. పేరు చెప్పింది. గడియారం మీంచి చూపు దించకుండా నడిచింది.

ప్లాట్‌ఫారం మీద, "ఇక్కడ వెయ్యి," అంది.

వేసింది. ఆవిడ కూర్చోలేదు.

"నువ్వు కూర్చో. మూడు వారాలు మోశావు."

రైలు వచ్చింది. పెద్దమ్మ చేతిసంచీలోంచి అంటించిన కవరు తీసి ఇచ్చింది. "రాత్రే రాశాను. ఇవ్వగలనో లేదో అనుకున్నాను."

"మరి కుర్చీ?"

"ఉండనీ. ఎవరో ఒకరు కూర్చుంటారు."

వెనుదిరిగింది. చేతిసంచీ ఊపుకుంటూ, జనాన్ని తోసుకుంటూ, ఒక్కతే నడిచిపోయింది. కిటికీలోంచి చూస్తే స్టేషన్ గుమ్మం దగ్గర దర్జీ, బ్రెడ్డు దుకాణం ఆయన చప్పట్లు కొడుతున్నారు. తనని సాగనంపడానికి వచ్చారనుకుని అమ్మాయి చెయ్యి ఊపింది.

రైలు కదిలాక కవరు చింపింది. నాలుగు మంచి మాటలు కావాలన్నాడు తోట యజమాని. కాగితంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం.

'పదకొండేళ్లుగా వీధి గేటు దాటని నన్ను ఈ అమ్మాయి స్టేషన్ దాకా నడిపించింది.'