నెత్తురు చెప్పిన వయసు

పుట్టినరోజు కాక నెత్తురు వయసు చెప్పే కాలం అది. ఒంటికి అరవై నిండితే ఉద్యోగం చెల్లు. బస్సు కండక్టరు సుభాషిణి పుట్టి నలభై మూడేళ్లే. పరీక్షలో ఆమె ఒంటికి అరవై అని తేలింది. అదే బస్సు డ్రైవరు, ఆమె భర్త కోదండం ఒంటికి మాత్రం నలభై ఆరే.

"ఇద్దరికీ హెచ్ఐవీయే, ఒకే రోజు మొదలెట్టిన మాత్రలే. నాకే ఎందుకమ్మా ఈ ముసలితనం?" అని నర్సును అడిగింది.

"ఒకే రోజెక్కడక్కా? అన్న పెళ్లయిన ఏడాదే మొదలెట్టాడు. నువ్వొచ్చింది పదేళ్లకి. మందు ఆలస్యమైతే ఒళ్లు ముందే వడిలిపోద్ది."

సుభాషిణి భర్త వంక చూసింది.

"చెబితే వదిలేసి పోతావని భయపడ్డానే," అన్నాడు కోదండం.

"పోయేదాన్నే. అప్పుడు నాకు ఇరవై రెండు."

అతడు బండికి వేళయిందంటూ లేచాడు. అతనికింకా పద్నాలుగేళ్ల సర్వీసుంది.