అడ్డొచ్చిన డిగ్రీ

తన డిగ్రీ దొంగదని కోర్టులో సాక్ష్యం చెప్పే మనిషి కోసం మాస్టారు మూడు రోజులుగా ఊరంతా తిరుగుతున్నారు.

నిజానికి ఆ డిగ్రీ అసలైనదే. పగలంతా పాఠాలు చెప్పి, సాయంత్రం కాలేజీకి పరుగెత్తి, మూడేళ్లు ఒళ్లు హూనం చేసుకుని తెచ్చుకున్నది. భార్య దానికి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఒకటో తరగతి టీచరు ఉద్యోగానికి చిన్నపిల్లలకు చెప్పే ట్రైనింగు ఉంటే చాలని, పెద్ద తరగతులకు చెప్పే డిగ్రీ ఉన్నవాళ్లు మాత్రం అనర్హులని ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. మాస్టారు రెండూ చదివారు. దరఖాస్తులో మొదటిది రాసి, రెండోది మింగేశారు. పదకొండేళ్లుగా తాత్కాలిక టీచరు. వయసు దాటిపోయేలోగా ఇదే ఆఖరి అవకాశం. జాబితాలో మొదటి పేరు ఆయనదే.

రెండో పేరు ఆయన స్నేహితుడిది. అభినందించడానికి ఇంటికొచ్చి, టీ తాగి, గోడమీది డిగ్రీకి ఫొటో తీసుకుని, తిన్నగా కోర్టుకెళ్లి కేసు వేశాడు.

కోర్టు యూనివర్సిటీని అడిగింది. పాత రిజిస్టర్లు వానకు తడిసి ముద్దయ్యాయి, ఆ డిగ్రీ మాదో కాదో చెప్పలేం అని వాళ్లు చేతులెత్తేశారు. ఆ జవాబు చూసి మాస్టారి లాయరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అది దొంగదని మనమే ఒప్పుకుందాం, దాన్ని చూపించి మీరు ఏ ఉద్యోగమూ అడగలేదు కనక మీమీద నేరం నిలవదు, అచ్చేసినవాణ్ని ఒకణ్ని పట్టుకురండి, అన్నాడు.

ఆ సంగతి విన్న భార్య ఆ రాత్రి భోజనం వడ్డిస్తూ ఒక్క మాట అడిగింది.

“మూడేళ్లు మీకు నోట్సు రాసిపెట్టింది నేను. అదీ దొంగదేనా?”

మాస్టారు తెల్లారగానే డిగ్రీని సంచిలో పెట్టుకుని ప్రెస్సుల వెంట పడ్డారు.

రెండు ప్రెస్సులవాళ్లు ఆయన్ని గుమ్మంలోంచే పంపేశారు. మూడోది ఒక సందు చివర, బిల్లు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు వేసే చిన్న ప్రెస్సు. దాని యజమాని ముసలాయన. సిరా చేతులు గుడ్డకు తుడుచుకుని, డిగ్రీని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

“ఇది నేనే అచ్చేశానని చెప్పాలి. అంతేగా మాస్టారూ?”

“అంతే బాబాయ్. కానీ మీకు జైలు పడొచ్చు.”

“ప్రమాణం చేసి మరీ చెప్తాను.”

పైసా కూడా అడగలేదు. ఇంత మంచివాడిచేత అబద్ధమాడించి జైలుకు పంపుతున్నానని మాస్టారు ఇంటిదాకా తనను తాను తిట్టుకున్నారు.

కోర్టు బోనులో ముసలాయన తొణకలేదు. స్నేహితుడి లాయరు గుచ్చిగుచ్చి అడిగాడు. అచ్చు నాదేనన్నాడు. మరి ముద్ర? అదీ మా దగ్గరే పడుతుందన్నాడు. సంతకం? దాన్ని అచ్చేసే దిమ్మ కూడా ఉందన్నాడు. నమ్మకం లేకపోతే చూసుకోమని సంచిలోంచి పేరు రాయని డిగ్రీ ఒకటి తీసి జడ్జిగారి బల్లమీద పెట్టాడు. మాస్టారి డిగ్రీ పక్కన పెట్టి చూస్తే రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి.

జడ్జిగారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. డిగ్రీ దొంగదని రుజువైంది కాబట్టి మాస్టారు ఉద్యోగానికి అన్నివిధాలా అర్హులు. ప్రెస్సుకు వెంటనే తాళం వెయ్యాలి. అందులో అచ్చయిన డిగ్రీలేవీ ఈ క్షణం నుంచి ఎక్కడా చెల్లవు. సంతకం పెట్టేశారు. వెనక బెంచీ మీద మాస్టారి భార్య సంతోషించాలో ఏడవాలో తెలియక చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పోలీసులు వచ్చి ముసలాయన భుజంమీద చెయ్యి వేశారు. పెన్నుకు మూత పెడుతూ జడ్జిగారు, ఇంతకీ ఈ పని నీచేత ఎవరు చేయించారని అడిగారు.

“యూనివర్సిటీవాళ్లేనండి. నలభై ఏళ్లుగా వాళ్ల డిగ్రీలన్నీ మా ప్రెస్సులోనే అచ్చవుతున్నాయి, తమరి లా డిగ్రీతో సహా.”